అమ్మ పాట మీద పాట

వేలంపాట అన్న మాట వింటే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పేపర్లో వేలం ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేస్తాను. "పేపరేం చేసింది అమ్మమ్మా నిన్ను?" అని మనవరాలు నవ్వుతుంది. పేపరేం చెయ్యలేదు. ఆ మాటకొస్తే చెడ్డవాళ్ళెవరూ ఏం చెయ్యలేదు. చెడ్డవాళ్ళు చేసుంటే నాలుగు తిట్లు తిట్టుకుని ఈపాటికి మర్చిపోయుండేదాన్ని. మా అమ్మకి ఇల్లు లేకుండా చేసింది మంచివాళ్ళు. అదీ మంచి చేద్దామనుకుని. వాళ్ళనేమని తిడతాను చెప్పండి?

మాది ఏలూరు కాలవ గట్టు మీద ఊరు. బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సు దిగి, పుంత దారిన నడిచి గట్టెక్కితే ముందు లాకులు కనిపిస్తాయి, లాకుల పక్కన కాలవ బంగళా. తెల్లదొరలు కట్టింది. కాలవ తనిఖీకి పడవల్లో వచ్చే ఇంజనీర్లు దిగడానికి కట్టారట. ఎత్తరుగులు, చుట్టూ వరండా, లోపల టేకు దూలాలు. ఎంత ఎండాకాలమైనా ఆ గదుల్లో అడుగు పెడితే ఒళ్ళు చల్లబడేది. బంగళా వెనకాల వంటిల్లు, దాన్నానుకుని రెండు గదుల పెంకుటిల్లు. ఆ పెంకుటిల్లు మాది. మాదంటే సర్కారుదే. మా నాన్న ఆ బంగళాకి వాచ్‌మన్, అమ్మ వచ్చిన ఆఫీసర్లకి వండిపెట్టేది. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆమె కాపురం అక్కడే. ఊళ్ళో అందరూ ఆమెని బంగళామ్మ అనే పిలిచేవాళ్ళు.

అమ్మ కొరమీను పులుసు వండితే లాకుల దగ్గర ఆగిన పడవలవాళ్ళు కూడా వాసన పీల్చుకుంటూ పొయ్యేవాళ్ళు. మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటుగారు, పెద్ద రైతు, ఆఫీసర్లొచ్చినప్పుడల్లా వాళ్ళతో పాటు బంగళాలో కూర్చుని ఆ పులుసు తినేవారు. మా ఇంట్లోకి మాత్రం ఎప్పుడూ రాలేదు. మేము క్రైస్తవులం, ఊరి చివర చర్చి పేట వాళ్ళం. బంగళాలో వడ్డిస్తే అది సర్కారు భోజనం, మా ఇంట్లో వడ్డిస్తే మా భోజనం. అప్పట్లో అదొక లెక్క. ఆయన మంచివాడు కాదని నేననను. లెక్క అలా ఉండేది, ఆయనా ఆ లెక్కలోనే పుట్టాడు.

నేను టీచరు ట్రైనింగు ముగించిన ఏడు నాన్న కామెర్లతో పోయాడు. నాకు ఊళ్ళోనే సమితి స్కూల్లో ఉద్యోగం వచ్చింది. అమ్మని రోజుకూలీ కింద బంగళా ఊడవడానికి ఉంచారు. ఇల్లు మాత్రం ఉద్యోగి పేర ఇచ్చింది. ఉద్యోగి పోయాడు. దాంతో కొత్తగా ఏ ఓవర్సీరు బదిలీ మీద వచ్చినా, వచ్చిన మర్నాడే గుమ్మంలో నిలబడి, "చూడమ్మా, ఈ ఇల్లు ఎప్పటికైనా ఖాళీ చెయ్యాల్సి వస్తుంది" అని ఒక మాట అనేసి పొయ్యేవాడు. అమ్మ "అలాగేనండి" అనేది. ఆ పూట అన్నం సరిగా తినేది కాదు. ఒకసారి నాతో అంది, "పొమ్మనేవాడు లేని ఇంట్లో ఒక్కరోజు పడుకోవాలనుందే." ఆమె ఆశ అంతే. మేడలు కావాలని ఏనాడూ అడగలేదు.

కాలం మారిపోయింది. కాలవలో పడవలు తగ్గాయి, ఆఫీసర్లకి జీపులొచ్చాయి. పొద్దున వచ్చి కాలవ చూసుకుని, సాయంత్రానికల్లా బెజవాడ వెళ్ళిపోయి గవర్నర్‌పేట లాడ్జీలో పడుకునేవాళ్ళు. బంగళాలో దీపం పెట్టే పని లేకుండా పోయింది. అమ్మ మాత్రం ఎవరో రాబోతున్నట్టు రోజూ మంచాలు దులిపేది.

ఎమర్జెన్సీ రోజుల్లో ఒక వేసవి పొద్దున, బంగళా తలుపుకి ఎవరో మైదాపిండి రాసి నోటీసు అంటించి పోయారు. అప్పుడున్న ఓవర్సీరు కుర్రవాడు, మెత్తని మనిషి. ఆయన్నే పిలిచి చదివించుకున్నాం. సర్కారుకి పనికిరాని పాత కట్టడాలన్నీ లెక్క తీసి అమ్మెయ్యాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయిట. బంగళా ఒక పాట, వెనక వంటిల్లూ పెంకుటిల్లూ కలిపి ఇంకో పాట. స్థలంతో సహా. ఈలోగా హక్కు లేకుండా ఉంటున్నవాళ్ళెవరైనా ఉంటే చట్టప్రకారం ఖాళీ చేయిస్తారు.

"ఇన్నేళ్ళు ఉన్నాం గదండీ, మాకే ఇవ్వకూడదా?" అన్నాన్నేను.

"ఉన్నారని ఇవ్వరండీ టీచరుగారూ. సర్కారు ఆస్తి ఒకరికి ఊరికే రాసివ్వడానికి ఎవరికీ అధికారం లేదు. నలుగుర్లో పాట పెట్టాల్సిందే. కాకపోతే ఆ పాటలో ఎవరైనా పాడొచ్చు. ధరావతు కింద ముందుగా కొంత డబ్బు కడితే చాలు. మీ అమ్మగారూ పాడొచ్చు."

అమ్మ చీపురు కింద పెట్టేసింది. "నేను కూడానా?" అంది.

"మీరు కూడా."

ఆ సాయంత్రమే గేదెని బేరం పెట్టింది. చేతి గాజులు బెజవాడ తీసుకెళ్ళి అమ్మాం. నేను దాచుకున్నదీ కలిపాను. ధరావతు కట్టాం. వెనక ఇంటికి సర్కారు పాట, అంటే సర్కారువాళ్ళు ఇంతకి తగ్గకూడదని పెట్టిన ధర, మాకు అందేలాగే ఉంది.

అమ్మకి పాట పాడటం కొత్తేం కాదు. మా చర్చిలో కోతలయ్యాక పండగ చేస్తారు. తొలి పంట దేవుడికి. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెస్తారు, వరికంకులు, అరటిగెల, కోడిపుంజు, గుమ్మడికాయ. ఆరాధన అయ్యాక పాస్టరుగారు చర్చి ముందు నిలబడి ఒక్కొక్కటీ పాట పెడతారు. ఆ పాటలో ఎదుటివాళ్ళ మీద పాడటమే మర్యాద. "ఏం వదినా, నీ భక్తి అంతేనా?" అని ఒకళ్ళు, "నీ మొగుణ్ణడిగి పాడు" అని ఇంకొకళ్ళు, వేళాకోళాలాడుకుంటూ రూపాయి వస్తువుని పది రూపాయలకి ఎక్కించేవాళ్ళు. దేవుడి సొమ్ము గదా. ఎవరూ పాడకుండా మూగగా పోయిన వస్తువుంటే, అది తెచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకునేవాళ్ళు. అమ్మ ఏటా మా ఇంటి కప్పు మీద కాసిన గుమ్మడికాయ ఇచ్చి, దాన్నే మళ్ళీ తను పాడుకునేది. పట్టుదలకి పోయి ఇంటికి కావలసిన సరుకుల డబ్బు కూడా అందులో పోసొచ్చిన ఏళ్ళున్నాయి. నాన్న నెత్తి కొట్టుకునేవాడు.

ఊరి పాటలు అలా కాదు. గుడి మాన్యం కౌలు పాట ఉండేది. పాటకి ముందే రైతులంతా ప్రెసిడెంటుగారి అరుగు మీద కూర్చుని, ఎవరు చేసుకుంటున్న చేను వాళ్ళకే అని మాట అనుకునేవాళ్ళు. మర్నాడు పాటలో ఆ ఒక్కడే పాడతాడు, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కాకులకేసి చూస్తారు. ఒకడి నోటి దగ్గర కూడు తీసెయ్యకూడదు, అదీ నీతి. మాట తప్పి పాడినవాడికి ఊళ్ళో మంచినీళ్ళు పుట్టవు. దేవస్థానం ఆఫీసరు కూడా చూసీ చూడనట్టు రాసుకుపోయేవాడు.

అమ్మ గేదెనమ్మిందని తెలిసి ప్రెసిడెంటుగారు వచ్చారు. గోడ అవతలే నిలబడ్డారు.

"బంగళామ్మా, బెంగ పెట్టుకోకు. నీ ఇంటి మీద ఈ ఊళ్ళో ఒక్కడు నోరెత్తాడా, నన్నడుగు."

అమ్మ చేతులు జోడించింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన అన్నంత పనీ చేశారు. ఇంటింటికీ కబురు పంపారు. పక్కూరి రైసుమిల్లు ఆసామి, అప్పటికే ధరావతు కట్టినాయన, వెనక ఇల్లు గోడౌనుకి బావుంటుందని చూస్తున్నాడు. ఆయన ఇంటికి వెళ్ళి మరీ, "ఆడకూతురు, మొగుడు లేని మనిషి, నువ్వు పాడకు" అని మాట తీసుకున్నారు. మా చర్చి పేటవాళ్ళకీ చెప్పారు. పాటంటే ఒకరి మీద ఒకరు పాడితేనే పాట అని ఏటేటా చేసి చూపించినవాళ్ళు మావాళ్ళు. వాళ్ళలో ఒక్కరికైనా, ఇది ఏ రకం పాట అని అడగాలనిపించలేదు. నాకు మాత్రం తట్టిందా? పదిమంది పిల్లలకి పాఠాలు చెబుతున్నాను, నా మొహం!

పాట రోజున కాలవలు కట్టేసి ఉన్నాయి. అడుగున బురద ఎండి పగుళ్ళు తేలింది. దండోరా విని ఊరంతా వచ్చింది. బెజవాడ నుంచి ఇంజనీరుగారు జీపులో దిగారు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన గుమాస్తా, వెనకాల మా ఓవర్సీరు. మొదట వెనక ఇల్లే పాట పెట్టారు. గుమాస్తా సర్కారు పాట చదివాడు. అమ్మ కొత్త చీర కట్టుకుని ముందుకొచ్చి, దాని మీద కొంచెం వేసి పాడింది. మాట స్పష్టంగా వచ్చింది.

"ఇంకెవరండీ?" అన్నారు ఇంజనీరుగారు.

ఎవరూ లేరు. ప్రెసిడెంటుగారు చేతులు కట్టుకుని గడ్డం పైకెత్తి నిలబడ్డారు. మిల్లు ఆసామి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

"ఒకటోసారి... ఇంకెవరైనా ఉన్నారా? పాటంటే పోటీ ఉండాలండీ. ఎవరో ఒకరు పాడండి."

జనంలో చిన్న నవ్వు. విధవరాలి దగ్గర ధర పెంచాలని చూస్తున్నాడనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకుని పళ్ళు నూరాను. ఇంజనీరుగారు పాట ఆపి మంచినీళ్ళడిగారు. అమ్మ కాఫీ కూడా ఇచ్చింది. మెల్లగా తాగారు, గ్లాసు కింద పెట్టారు, మళ్ళీ జనంకేసి చూశారు. ఆయన వెనక నిలబడ్డ ఓవర్సీరు ఎందుకో మిల్లు ఆసామికేసి చూస్తూ, పొట్ట దగ్గర ఒక వేలు పైకీ కిందకీ ఆడిస్తున్నాడు. మిల్లు ఆసామి తనని ఆటపట్టిస్తున్నాడనుకుని మొహం తిప్పేసుకున్నాడు.

చివరికి ప్రెసిడెంటుగారే అన్నారు, "అయ్యా, ఎన్నిసార్లడిగినా ఇంతేనండి. మా ఊళ్ళో మాటంటే మాట."

జనం గర్వంగా తలలూపారు. ఇంజనీరుగారు కలం మూత తీశారు. "సరే అయితే. నా చేతుల్లో ఏం లేదు. పైకి రాస్తాను" అని ఏదో రాసుకున్నారు. బంగళా పాట పెడితే సర్కారు ధరకి ఎవరూ ముందుకు రాలేదు. అంత పెద్ద పాత కొంప పల్లెటూళ్ళో ఎవరికి కావాలి? ఇంజనీరుగారు జీపెక్కి వెళ్ళిపోయారు.

పైకి రాస్తానంటే మేం, అమ్మ పేర రాస్తారనుకున్నాం. ఆ రోజు అమ్మ పెద్ద గిన్నెతో పరమాన్నం వండి అందరికీ పంచింది. తర్వాత గోడలకి సున్నం కొట్టించింది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించింది. తలుపు పైన గోడకి నాన్న చేత్తో కొట్టిన మేకు ఒకటుండేది, దాని చుట్టూ మాత్రం సున్నం పడకుండా చూసుకుంది. ఆ వేసవంతా అమ్మ రాత్రిళ్ళు నిశ్చింతగా నిద్రపోయింది. పొమ్మనేవాడు లేడనుకుంది.

తొలకరి పడ్డాక ఓవర్సీరు వచ్చాడు. చేతిలో కాగితం ఉంది గానీ, మా మొహాల్లోకి చూడలేక దాన్ని మడుస్తూ విప్పుతూ నిలబడ్డాడు. పోటీ లేని పాట గనక పాట రద్దు. పాడింది ఒక్కరే అయితే వాళ్ళకి ఖాయం చెయ్యకూడదుట, చట్టంలో ఉందిట. విడివిడిగా పెడితే పోటీ రాలేదు గనక ఈసారి బంగళా, వెనక ఇల్లూ కలిపి ఒకే పాట. పేపర్లో వేయించి, బెజవాడ ఆఫీసులో పెడతారట.

"నేను వేలు చూపిస్తూనే ఉన్నాను గదండీ!" అన్నాడు ఏడుపు గొంతుతో. "ధరావతు కట్టిన మిల్లాయన ఒక్క రూపాయి వేసుంటే చాలు. దాని మీద అమ్మగారు ఇంకో రూపాయి వేస్తే ఇల్లు మీదే."

నాకు తిక్క రేగింది. "వేలెందుకు? దేవుడు నోరివ్వలేదా నీకు?"

"ఆఫీసరు పక్కన నిలబడి ఫలానావాణ్ణి పాడమని నేనే చెబితే నా ఉద్యోగం ఉంటుందా? ఆయనకైనా ఉంటుందా? అసలే రోజులెలా ఉన్నాయో మీకు తెలీదా టీచరుగారూ?"

అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఆ అబ్బాయినెందుకే అరుస్తావు. కూర్చో బాబూ, మజ్జిగ తాగు" అంది.

ప్రెసిడెంటుగారు అర్జీ రాయించారు. వెనక ఇల్లు వేరుచేసి మళ్ళీ పాట పెట్టమని ఊరంతా సంతకాలు, వేలిముద్రలు. బెజవాడ పాట రోజునే అది పట్టుకుని ఆయనా, అమ్మా, నేనూ బస్సెక్కాం. గవర్నర్‌పేటలో ఆఫీసు. కింద టోకు దుకాణాలు, సైకిళ్ళు, రిక్షాల గోల. మెట్లెక్కి పైకి వెళితే ఇంజనీరుగారు మమ్మల్ని గుర్తుపట్టారు. కూర్చోమన్నారు. అర్జీ మొత్తం చదివారు కూడా.

"ఏమండీ ప్రెసిడెంటుగారూ, ఈ రూలు ఎందుకు పెట్టారో తెలుసా? పదిమంది దొంగలు కూడబలుక్కుని, ఒకడు పాడి తొమ్మండుగురు నోరు మూసుకుని, సర్కారు ఆస్తిని చవగ్గా మింగెయ్యకుండా. దొంగలూ అలాగే నోరు మూసుకుంటారు, మీరూ అలాగే నోరు మూసుకున్నారు. కాగితం మీద తేడా ఎలా తెలుస్తుంది చెప్పండి? నేను అడిగాను గదా, ఎవరో ఒకరు పాడండని."

ప్రెసిడెంటుగారి మొహం కందిపోయింది. జన్మలో ఆయన్ని ఎవరూ దొంగల పక్కన నిలబెట్టలేదు. "మంచికి పోతే..." అని ఆగిపోయారు.

మంచికి పోతే చెడ్డ ఎదురవడమంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. ఆ చట్టం మీద కోపం తెచ్చుకుందామంటే అది చెప్పింది న్యాయంగానే ఉంది. ఇంజనీరు మీద తెచ్చుకుందామంటే ఆయన బతిమాలుకున్నంత పని చేశాడు. ఊరి మీద తెచ్చుకుందామంటే, అంతమంది మా కోసం ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. నా కోపానికి చోటే దొరకలేదు.

పక్క గదిలో పాట మొదలైంది. పాత కలప వ్యాపారులు, పాత ఇనుము వ్యాపారులు, సిల్కు లాల్చీలు, నోటి నిండా కిళ్ళీలు. వాళ్ళకి ఆ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో ఏం పని? టేకు దూలాలు ఎన్ని దిగుతాయో లెక్క. పోటీలు పడి పాడారు. అమ్మ పాత ధరావతు ఆఫీసులోనే ఉంది గనక ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టారు. మొదటి పాటే ఆమెకి అందనంత ఎత్తులో ఉంది. ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరు పాడితే వాళ్ళ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

రెండోసారి అనేటప్పటికి ప్రెసిడెంటుగారు గుమ్మం దగ్గర్నుంచి ఒక్కసారిగా పెద్ద గొంతుతో పాట వేశారు. గదంతా తిరిగి చూసింది. గుమాస్తా అడిగాడు, "ధరావతు కట్టారాండీ?"

అర్జీ ఇవ్వడానికొచ్చిన మనిషి ధరావతు ఎందుకు కడతాడు?

"కట్టనివాళ్ళు పాడకూడదండీ" అన్నాడు గుమాస్తా, మర్యాదగానే.

అప్పుడాయన గుమ్మంలోంచే అమ్మని బతిమాలారు. "నువ్వు పాడు బంగళామ్మా. ఎంతైనా సరే పాడు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను." అమ్మ ఆయనకేసి చూసి తల అడ్డంగా ఊపింది. మూడోసారి అనేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన అడిగారు, "ఎందుకు పాడలేదు? నా మీద నమ్మకం లేదా?"

"మీ డబ్బుతో కొంటే అది మీ ఇల్లవుతుంది గదండీ. మీరు పొమ్మనరు, నాకు తెలుసు. కానీ పొమ్మనగలవాళ్ళు అవుతారు గదా బాబుగారూ" అంది అమ్మ. ఆయన హనుమాన్ జంక్షన్ టిక్కెట్టు కొన్నట్టు, మా ఊరి దగ్గర దిగడం కూడా మర్చిపోయి కూర్చుంటే నేనే లేపాను.

దసరా వెళ్ళాక ఇల్లు విప్పడానికి కూలీలొచ్చారు. ముందురోజు అమ్మ పేటలో కుర్రాణ్ణొకణ్ణి కప్పెక్కించి, పాదుకి ఉన్న ఒకే ఒక్క గుమ్మడికాయ కోయించింది. మేం చర్చి దగ్గర ఒక గది అద్దెకి తీసుకున్నాం. సామాను తీసుకెళ్ళాక కూడా అమ్మ రోజూ అక్కడికి వెళ్ళి, కూలీలకి మజ్జిగ కలిపిచ్చేది. "మన ఇల్లు కూలుస్తుంటే మజ్జిగ కూడానా! సిగ్గులేదా అమ్మా నీకు?" అని నేను గయ్యిమన్నాను. "వాళ్ళేం చేశారే. ఎండలో కష్టపడుతున్నారు" అంది. పెంకులు దించారు, దూలాలు దించారు, లారీకెత్తుకుపోయారు. గోడలు మాత్రం పలుగులతో పొడిచినా ఓ పట్టాన పడలేదు. ప్రెసిడెంటుగారు చెరువు పక్కన స్థలం ఇస్తానని మనిషిని పంపారు. అమ్మ వద్దంది. అప్పట్నుంచి ఆయన మా వీధిలోకి రావడం మానేశారు. నేను ఎదురైతే సైకిలు దిగి పక్కకి తిరిగి నిలబడేవారు.

గుమ్మడికాయ మంచం కింద ఉండిపోయింది. కోతలయ్యాయి. చర్చి పండగ వచ్చింది. అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచి, చంకనెత్తుకుని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

ఆరాధన అయ్యాక చర్చి ముందు పాటలు మొదలయ్యాయి. కోడిపుంజులకీ అరటిగెలలకీ ఎప్పటిలాగే వేళాకోళాలు, కేకలు. పాస్టరుగారు గుమ్మడికాయ ఎత్తారు. అది ఏ కప్పు మీద కాసిందో అందరికీ తెలుసు. అమ్మ పాడింది.

ఎవరూ మాట్లాడలేదు. పోయిన ఏడు వరకూ "ఏం వదినా" అంటూ మీదికొచ్చినవాళ్ళంతా తలలొంచుకున్నారు. ఆమె దగ్గర పాట పెంచడానికి ఎవరికి నోరొస్తుంది? కాలవ గట్టు మీద విన్న నిశ్శబ్దమే మళ్ళీ. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. పాస్టరుగారు ఒకటోసారి అన్నారు.

అప్పుడు గేటు దగ్గర్నుంచి ఎవరో పాడారు. అమ్మ పాట మీద ఒక రూపాయి.

ప్రెసిడెంటుగారు. చెప్పులు చేత్తో పట్టుకుని గేటు లోపల నిలబడి ఉన్నారు. ఆయన ఆ ఆవరణలో కాలుపెట్టడం ఎవరూ ఎరగరు.

అమ్మ తిరిగి చూసింది. ఇంకో రూపాయి వేసింది. ఆయన దాని మీద వేశారు. ఆమె వేసింది. అంతలో మా పేటలో ఒకాయన అందుకున్నాడు, ఆ వెనక ఇంకొకావిడ. ఒక్కసారిగా గట్టు తెగినట్టు అందరూ పాడారు. ఒకరి మీద ఒకరు, అమ్మ మీద అందరూ. ఒక్కరూ నవ్వలేదు. ఒక గుమ్మడికాయకి ఆ ధర ఏ దేశంలోనూ ఉండదు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుంటూ పాడారు. ఒక్కొక్కరే వెనక్కి తగ్గి, చివరికి ఆయనా అమ్మా మిగిలారు. అమ్మ పాడింది. ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. చేతిలో చెప్పులు జారి కిందపడ్డాయి.

"ఇప్పుడాగకండి బాబుగారూ" అంది అమ్మ. "అప్పుడూ ఇలాగే ఊరుకున్నారు."

అమ్మ నోటి నుంచి ఒక నిష్ఠూరం రావడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు చాలాసేపు చూసి మూడోసారి అనేశారు.

ఇంటికొచ్చి అమ్మ ఆ గుమ్మడికాయ కోసింది. ముక్కలు చేసి పాడినవాళ్ళందరికీ పంచింది. పెద్ద ముక్క ప్రెసిడెంటుగారింటికి నా చేత పంపింది. మా వంటింట్లో కోసిందని తెలిసీ ఆయన రెండు చేతులా అందుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి అమ్మ గింజలు కడిగి, చేటలో ఆరబోసుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడ పెడదామే ఇవి?" అనడిగింది.

అద్దెగది ముందు జానెడు అరుగు, దాని కింద సిమెంటు కాలవ. ఎండాక ఒక ఖాళీ సీసాలో పోసి మూత పెట్టాం.